పాట అయిపోయాక దాసుగారు ఏం చేసేవారు? హరికథా పితామహుడి హాబీల కథ

ఈ వారం మన ఛానెల్‌లో వచ్చిన హరికథ వీడియో చూశారు కదా? చూడకపోతే ముందు అది చూసి రండి. ఆ పదిహేను నిమిషాల్లో పట్టని సంగతులు కొన్ని మిగిలిపోయాయి. అవన్నీ తీరిగ్గా చెప్పుకుందామనే ఈ పోస్టు.

అసలు ఈ టాపిక్ ఎలా వచ్చిందో ముందు చెప్పాలి.

శంషాబాద్ దగ్గర నర్కూడలో అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి మీలో చాలామందికి తెలుసు. ఎత్తైన గోపురం, పాత రాతి మండపాలు, కోనేరు. సినిమాల్లో అయినా చూసే ఉంటారు. కిందటి నెల అక్కడ ఒక కీర్తన రికార్డు చేసుకుందామని వెళ్లాం. గుడి ప్రశాంతంగానే ఉంది, కానీ ఎయిర్‌పోర్టు దగ్గరే కదా! అనుపల్లవి అందుకునేసరికి పైనుంచి ఒక విమానం. ఆపాం. మళ్లీ మొదలుపెట్టాం. చరణం దగ్గర ఇంకొకటి. 2008లో ఎయిర్‌పోర్టు మొదలైనప్పటి నుంచీ ఈ చుట్టుపక్కల లైవ్ రికార్డింగ్ అంటే ఇంతే.

ఇక చేసేదేముంది, మెట్ల మీద కూర్చుని కబుర్లలో పడ్డాం. మా మృదంగం కుర్రాడు మాత్రం విసుక్కోలేదు. తలెత్తి చూసి, ఇది ఎయిర్‌బస్, అది బోయింగ్ అని చెబుతున్నాడు. ఇంజన్ అడుగు భాగం కాస్త చదునుగా ఉంటే బోయింగ్ 737 అట. తర్వాత తెలిసింది, ఆదివారాలు బైక్ వేసుకుని వచ్చి, రోడ్డు పక్కన నిలబడి విమానాలు చూడటం అతని హాబీ. వయొలిన్ వాయించే అక్క మిద్దె మీద టమాటాలు పండిస్తుందట. తంబూరా పట్టుకునే అమ్మాయి ఉర్దూ నేర్చుకుంటోంది.

అయితే ముగ్గురూ ఈ సంగతి ఏదో తప్పు చేసినట్టు చెప్పారు. ఇంట్లో మాటలు పడుతున్నారట. ఆ టైమ్‌లో ఇంకో గంట సాధన చేయొచ్చు కదా అని ఒకళ్లకి. భక్తి పాటలు పాడే పిల్లకి ఆ భాష ఎందుకు అని ఇంకొకళ్లకి. సంగీతం ఒక తపస్సు అయినప్పుడు పక్క చూపులేమిటి అని అందరికీ.

మీలో కూడా చాలామందికి ఇదే గిల్ట్ ఉండొచ్చు. మీది ఉల్టా కేసు కావచ్చు కూడా. ఉద్యోగం సాఫ్ట్‌వేర్, హాబీ సంగీతం. శనివారం వీణ క్లాసుకు వెళ్తే ఆఫీసు పని గుర్తుకొస్తుంది. ఆఫీసులో ఉంటే వదిలేసిన వీణ గుర్తుకొస్తుంది.

ఆ రోజు ఆ మెట్ల మీదే నాకు గుర్తొచ్చిన పేరు ఆదిభట్ల నారాయణదాసు. హరికథా పితామహ అని తెలుగువాళ్లు పిలుచుకునే మహానుభావుడు. జీవితమంతా హరి కథ చెప్పిన మనిషి. పాట అయిపోయాక ఆయన ఏం చేసేవారో తెలిస్తే మా ముగ్గురికే కాదు, మీక్కూడా మనసు తేలికవుతుంది.

పుస్తకాల కొట్టు దగ్గర పిల్లవాడు

ఆయన 1864 ఆగస్టు 31న పుట్టారు. ఊరు బొబ్బిలి ప్రాంతంలోని అజ్జాడ. అందుకే అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు అని కూడా అంటారు. పుట్టినప్పుడు పెట్టిన పేరు సూర్యనారాయణ. తండ్రి వేంకటచయనులు, తల్లి లక్ష్మీనరసమ్మ. చదువూ పురాణమూ తెలిసిన ఇల్లే, కానీ డబ్బున్న ఇల్లు కాదు.

ఆయన చిన్నతనం గురించి ఉత్తరాంధ్రలో ఇప్పటికీ చెప్పుకునే కథ ఒకటుంది. అయిదేళ్ల వయసులో పెద్దవాళ్ల వెంట ఒక క్షేత్రానికి వెళ్లాడట. దారిలో పుస్తకాల కొట్టు కనిపించింది. పిల్లవాడు అక్కడే నిలబడిపోయి భాగవతం కావాలని పట్టుపట్టాడు. అక్షరాలు కూడబలుక్కునే వయసులో భాగవతం ఏం చేసుకుంటావని కొట్టు యజమాని నవ్వాడు. అంతే, పిల్లవాడు పోతన పద్యాలు గడగడా చదవడం మొదలుపెట్టాడు. ఒకటి కాదు, వరసగా. ఇంట్లో అమ్మ నోట విని పట్టేసినవి. కొట్టాయన ఆశ్చర్యపోయి పుస్తకం ఊరికే ఇచ్చి, పైన డబ్బులు కూడా చేతిలో పెట్టి పంపాడని చెబుతారు.

ఇందులో నాకు నచ్చే విషయం ఏమిటంటే, ఆ పిల్లవాడికి ఎవరూ సిలబస్ ఇవ్వలేదు. పరీక్ష లేదు. ఇష్టంగా విన్నాడు, వచ్చేసింది. ఆయన జీవితం మొత్తం ఇదే పద్ధతిలో నడిచింది.

బంధువులు పిల్లవాడి గొంతు, జ్ఞాపకశక్తి చూసి బొబ్బిలి తీసుకెళ్లారు. అక్కడ ఆస్థాన వైణికులు వాసా సాంబయ్యగారి దగ్గర కొంతకాలం సంగీతం నేర్చుకున్నారు. తర్వాత విజయనగరంలో ఇంగ్లీషు చదువు. ఇంతకుమించి పెద్దగా గురుకులవాసం లేదు. సంస్కృతం, పద్యం, తాళం చాలావరకు సొంతంగా పట్టుకున్నవే.

1883లో మారిన దారి

పంతొమ్మిదో ఏట ఒక సంఘటన జరిగింది. మద్రాసు వైపు నుంచి కుప్పుస్వామినాయుడు అనే భాగవతారు విజయనగరం వచ్చి హరికథ చెప్పారు. మన కుర్రాడు విన్నాడు. ఇది నా పని అని ఆ రోజే తేలిపోయింది. కొద్ది రోజుల్లోనే ధ్రువచరిత్ర రాసుకుని, తానే పాడి, తానే ఆడి వినిపించాడు. అది 1883. సూర్యనారాయణ నారాయణదాసు అయ్యే ప్రయాణం అక్కడ మొదలైంది.

హరికథ ఎప్పుడూ లైవ్‌లో చూడనివాళ్ల కోసం ఒక్క మాట. స్టేజి మీద ఒకే మనిషి. పట్టుపంచె, మెడలో పూలదండ, కాళ్లకు గజ్జెలు, చేతిలో చిరతలు. పక్కన వయొలిన్, మృదంగం. ఆ ఒక్క మనిషే ధ్రువుడు, ఆ మనిషే సురుచి, ఆ మనిషే నారదుడు. పాట పాడాలి, పద్యం చదవాలి, మధ్యలో మాటలతో కథ నడపాలి, అభినయించాలి, అడుగు వేయాలి. జనం నిద్రపోకుండా మధ్యలో పిట్టకథ చెప్పి నవ్వించాలి, నవ్విన మరుక్షణం ఏడిపించాలి. ఇప్పటి లెక్కలో కచేరీ, స్టాండప్ కామెడీ, డాన్స్, ప్రవచనం అన్నీ ఒకే టికెట్ మీద అనుకోండి. పైగా మైక్ లేదు! వేలమందికి వినపడేలా గంటల తరబడి నిలబడి చెప్పాలి.

మహారాష్ట్ర కీర్తన పద్ధతి తంజావూరు మీదుగా దక్షిణాదిలో పాకింది. దానికి పూర్తిగా తెలుగు ఒంటినీ తెలుగు గొంతునూ ఇచ్చింది నారాయణదాసుగారే. అంబరీష చరిత్ర, గజేంద్ర మోక్షం, రుక్మిణీ కల్యాణం, ప్రహ్లాద చరిత్ర, సావిత్రీ చరిత్ర, హరిశ్చంద్ర, యథార్థ రామాయణం... తెలుగులో చాలా రాశారు, సంస్కృతంలోనూ రాశారు. సాహిత్యం ఆయనదే, రాగం ఆయనదే, చెప్పేదీ ఆయనే.

విజయనగరం ప్రభువు ఆనంద గజపతి ఆయన్ను ఆదరించారు. గురజాడ అప్పారావుగారు తిరిగిన ఊరే అది, దాదాపు అదే వయసు. ఒకే చిన్న పట్నంలో ఒకవైపు కన్యాశుల్కం, ఇంకోవైపు హరికథ. ఆ రోజుల విజయనగరం ఎలా ఉండేదో ఊహించుకోండి.

ఒకే శరీరం, ఐదు తాళాలు

దాసుగారి గురించి ఎవరు మాట్లాడినా ముందు చెప్పేది ఆయన లయ. రెండు చేతులు, రెండు కాళ్లు, తల. అయిదింటితో అయిదు వేర్వేరు తాళాలు వేస్తూ పల్లవి పాడి, అన్నిటినీ ఒకే చోటికి తెచ్చి ముగించేవారట. అందుకే పంచముఖీ పరమేశ్వర అనే బిరుదు. లయబ్రహ్మ అని ఇంకొకటి. ఇంట్లో ఒకసారి ప్రయత్నించండి: కుడిచేత్తో ఆదితాళం, ఎడమచేత్తో రూపకం. రెండే! రెండో ఆవర్తనానికి చెయ్యి మన మాట వినడం మానేస్తుంది.

అంతటితో ఆగలేదు. సంగీతంలో అష్టావధానం చేశారు. చేతులకీ కాళ్లకీ వేర్వేరు తాళాలు అప్పజెప్పి పాట పాడుతూనే, ఒకరు అడిగిన లెక్క చేయడం, ఇంకొకరు అడిగినదానికి ఇంగ్లీషులో జవాబు చెప్పడం, వ్యస్తాక్షరి పూర్తి చేయడం, మధ్యలో కొట్టిన గంటలు ఎన్నో గుర్తుపెట్టుకుని చెప్పడం ఇందులో ఉండేవని చెబుతారు. వ్యస్తాక్షరి అంటే ఒక వాక్యంలోని అక్షరాలను వరస తప్పించి, ఒక్కొక్కటి ఎన్నోదో మాత్రం చెప్పి, అప్పుడప్పుడు అందిస్తారు. చివరికి అవధాని ఆ వాక్యాన్ని సరిగ్గా కూర్చి చెప్పాలి.

ఇక్కడ ఆగి ఒకటి గమనించండి. లెక్కలు, ఇంగ్లీషు, అక్షరాల ఆట. ఇందులో సగం సంగీతమే కాదు. ఆ సగం ఎక్కడి నుంచి వచ్చింది? కచేరీ లేని రోజుల్లో ఇష్టంతో చేసిన పనుల నుంచి వచ్చింది.

కచేరీ లేని రోజుల్లో

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పాట అయిపోయాక దాసుగారు ఏం చేసేవారు?

మొదటిది, ఒళ్లు. వ్యాయామం అంటే ఆయనకు మక్కువ అని చెబుతారు. భారీ విగ్రహం, సింహంలాంటి గొంతు. మైక్ లేని కాలంలో గజ్జె కట్టి గంటల కొద్దీ ఆడి పాడాలంటే ఆ ఒళ్లు లేకపోతే కుదరదు కూడా.

రెండోది, భాషలు. సంస్కృతం, ఇంగ్లీషు సరే. హిందీ, ఉర్దూ, అరబ్బీ, పారసీ కూడా నేర్చుకున్నారు. ఇవేవీ హరికథకు కావలసినవి కాదు. పారసీ వచ్చినంత మాత్రాన అంబరీష చరిత్రకు ఎవరూ ఎక్కువ సంభావన ఇవ్వరు కదా.

మూడోది, అచ్చతెలుగు. ఇది ఆయనకు దాదాపు పిచ్చి అని చెప్పాలి. అచ్చతెలుగు అంటే సంస్కృతం నుంచి కానీ వేరే భాష నుంచి కానీ వచ్చిన మాట ఒక్కటి కూడా లేకుండా రాయడం. సూర్యుడు అనకూడదు, ప్రొద్దు అనాలి. ఆకాశం కాదు, మిన్ను. సముద్రం కాదు, కడలి. దేవత కాదు, వేల్పు. ఈ పోస్టునే అచ్చతెలుగులో రాయమంటే నేను మొదటి లైన్ కూడా దాటలేను. దాసుగారు లలితా సహస్రనామాన్ని అచ్చతెలుగులోకి తెచ్చి తల్లివిన్కి అని పేరు పెట్టారు. ఈసపు నీతికథల్ని అచ్చతెలుగులో చెప్పారు. వైద్యం మీద కూడా ఆసక్తి ఉండేది, దాని మీదా పుస్తకం రాశారు.

నాలుగోది, షేక్స్పియర్. 1922లో నవరసతరంగిణి అనే పుస్తకం వచ్చింది. శృంగారం, వీరం, కరుణ... తొమ్మిది రసాలకు కాళిదాసు నుంచీ షేక్స్పియర్ నుంచీ ఘట్టాలు ఏరి, తెలుగులోకి తెచ్చి పక్కపక్కన పెట్టారు. ఒక రసం దగ్గర ఉజ్జయిని ఏం చేసింది, లండన్ ఏం చేసింది అని పోల్చి చూసుకోవడానికి అన్నమాట. అప్పటికి ఆయనకు దగ్గర దగ్గర అరవై.

గమ్మత్తేమిటంటే, వీటిలో కొన్ని ఆయన పిలవకుండానే సంగీతంలోకి తిరిగొచ్చాయి. అచ్చతెలుగు పిచ్చి ముదిరి, గౌరప్ప పెండ్లి అని ఏకంగా ఒక హరికథ మొత్తం అచ్చతెలుగులో రాశారు. వేదం మీద ప్రేమతో ఋగ్వేదంలోని సూక్తాలు ఏరి, తెలుగు చేసి రాగం కట్టారు. తొంభై రాగాలు ఒకే మాలగా గుచ్చిన దశవిధ రాగ నవతి కుసుమ మంజరి కూడా ఒక రకంగా ఆటే. చూద్దాం ఎన్ని పడతాయో అన్న ఆట. అది అమ్మవారి పాదాల దగ్గర పెట్టిన పూలదండ అయింది.

హరిదాసు, మధుపాత్ర

ఈ పోస్టు మొత్తంలో నేను చెప్పాలనుకున్నది ఇదే.

1932లో, అరవై ఎనిమిదేళ్ల వయసులో, దాసుగారు ఒక పెద్ద పుస్తకం అచ్చు వేయించారు. ఉమర్ ఖయ్యాం రుబాయీల అనువాదం. రుబాయీ అంటే నాలుగు పాదాల చిన్న పద్యం.

ఉమర్ ఖయ్యాం ఎవరు? 1048లో పర్షియాలోని నిషాపూర్‌లో పుట్టి 1131లో పోయిన గణిత శాస్త్రజ్ఞుడు, ఖగోళ శాస్త్రజ్ఞుడు. ఘన సమీకరణాల మీద పని చేశాడు. 1079లో వచ్చిన పంచాంగ సంస్కరణలో ఆయన చెయ్యి ఉంది. బతికినంతకాలం పేరొచ్చింది లెక్కలకీ నక్షత్రాలకీ. పద్యాలు తీరికవేళ రాసుకున్నవి. అంటే ఆయనకీ హాబీయే!

ఏడు శతాబ్దాల తర్వాత ఇంగ్లండులో ఎడ్వర్డ్ ఫిట్జెరాల్డ్ అనే ఆయన ఒక స్నేహితుడి ప్రోత్సాహంతో పారసీ నేర్చుకున్నాడు. ఆ స్నేహితుడు కోవెల్ మన కలకత్తా వచ్చి, అక్కడ దొరికిన ఖయ్యాం ప్రతికి నకలు పంపించాడు. ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషు చేసి 1859లో చిన్న పుస్తకంగా వేశాడు. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత లోకమంతా చదివింది. ఆయనదీ జీతం కోసం చేసిన పని కాదు. ఇది రెండో హాబీ.

మూడో హాబీ విజయనగరంలో మొదలైంది. దాసుగారు ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషు చదివారు. మూలం పారసీలో చదివారు. రెండూ ఒకటి కాదని తేలింది. ఫిట్జెరాల్డ్ చాలా స్వేచ్ఛ తీసుకున్నాడు. రెండు మూడు పద్యాలు కలిపి ఒకటి చేశాడు, కొన్నిచోట్ల సొంత ధోరణి కలిపాడు. ఇంగ్లీషులో బాగుంటుంది, కానీ ఖయ్యాంకు పూర్తి న్యాయం జరగలేదు. ఇంకొకరైతే ఒక వ్యాసం రాసి ఊరుకుంటారు. దాసుగారు పారసీ మూలాన్ని సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ అనువదించారు. పక్కనే ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషును కూడా సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ అనువదించారు. రెండూ చదువుకుని తేడా మీరే చూసుకోండి అన్నట్టు. ఎంత ఓపిక, ఎంత శ్రద్ధ ఉంటే అయ్యే పని ఇది! దీనికి ఎవరూ ఆర్డర్ ఇవ్వలేదు. డెడ్‌లైన్ లేదు. నాలుగు భాషల సంగతి తెలిసి దీన్ని చదవగలిగేవాళ్లు ఊరికి ఒకరు కూడా ఉండరని ఆయనకు తెలియకుండా ఉండదు.

ఇప్పుడు కష్టమైన ప్రశ్న. ఖయ్యాం పద్యాల నిండా మధువు. ఈ క్షణమే మనది, రేపటి సంగతి ఎవరికి తెలుసు అన్న ధోరణి. స్వర్గనరకాల మీద సందేహం. అందులోని మధువు నిజంగా మధువా, భగవత్ప్రేమకు గుర్తా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. పేరు చివర దాసు అని పెట్టుకుని, పొద్దస్తమానం హరి లీలలు పాడే మనిషి ఇందులో చేయి పెట్టడం ఏమిటి? పైగా వేరే మతంలో పుట్టిన కవి, వేరే దేశపు భాష.

ఇందులో తప్పుపట్టేవాళ్లు అప్పుడూ ఉండి ఉంటారు, ఇప్పుడూ ఉంటారు. కానీ దాసుగారి జీవితం చూస్తే నాకు అర్థమైంది ఇది: ఆయన భక్తి అద్దాల పెట్టెలో పెట్టిన బొమ్మ కాదు. గాలి తగిలితే పగిలిపోతుందన్న భయం దానికి లేదు. ఖయ్యాం సందేహాలు విన్నారు, ఆ పద్యంలోని అందానికి తలవంచారు, నిజాయితీగా అనువదించారు. ఆ తర్వాతా రాముడు రాముడిగానే ఉన్నాడు, దాసు దాసుగానే ఉన్నాడు. వేరే ఇంటి దీపం చూసి వచ్చినంత మాత్రాన మన ఇంటి దీపం ఆరిపోదు.

ఆయన మనుషుల్లో మనిషే, అది కూడా చెప్పాలి. నా యెఱుక అనే పేరుతో మొదటి ముప్ఫై ఏళ్ల జీవితం తానే రాసుకున్నారు. అందులో యౌవనంలోని తప్పటడుగులు, అలవాట్లు దాచుకోలేదు. గొప్పవాళ్ల జీవితాలకు తెల్లసున్నం కొట్టడం మనకు అలవాటు. ఆయన మాత్రం గోడ ఎలా ఉందో అలాగే చూపించారు. అంత నిజం చెప్పగలిగిన మనిషి కాబట్టే ఖయ్యాం అంటే భయపడలేదేమో అనిపిస్తుంది.

కాలేజీ ప్రిన్సిపాల్‌గారు

1919లో విజయరామ గజపతి విజయనగరంలో సంగీత కళాశాల పెట్టించారు. తన దగ్గర పనిచేసే ఒక ఉద్యోగి కొడుకుకు చూపు లేదు, సంగీతం మీద మాత్రం ప్రాణం. ఆ పిల్లవాడి కోసమే ఈ ఆలోచన పుట్టిందని చెబుతారు. మొదటి ప్రిన్సిపాల్ నారాయణదాసుగారు. వయొలిన్ నేర్పడానికి వచ్చినవారు ద్వారం వేంకటస్వామినాయుడుగారు, ఆయనకు కూడా చూపు సరిగా ఉండేది కాదు. 1936 దాకా దాసుగారు ఆ బాధ్యత మోశారు. తర్వాత ద్వారంవారు అందుకున్నారు. ఘంటసాల చదివింది అక్కడే. పి. సుశీల చదివింది కూడా అక్కడే. ఆ కళాశాల ఇప్పటికీ నడుస్తోంది.

తేదీలు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. 1919 నుంచి 1936 దాకా ప్రిన్సిపాల్. ఆ మధ్యలోనే 1922లో షేక్స్పియర్, 1932లో ఖయ్యాం. అంటే ఫుల్‌టైమ్ ఉద్యోగం, పక్కన హరికథలు, వాటి మధ్యలో ఈ హాబీలు. రిటైరయ్యాక చూద్దాంలే అనుకోలేదు.

1945 జనవరి 2న ఎనభయ్యో ఏట దాసుగారు కన్నుమూశారు.

ఏది మిగిలింది?

నిజం చెప్పుకుందాం. ఈ రోజు దాసుగారి పేరు నిలబెట్టింది హరికథ. ఏ శ్రీరామనవమి పందిట్లో దాసుగారో భాగవతారిణో చిరతలు పట్టుకున్నా, ఆయన్ను తలుచుకోకుండా మొదలవదు. ఖయ్యాం అనువాదం మాత్రం చదివినవాళ్లు తక్కువ. అచ్చతెలుగు పుస్తకాలు చదవాలంటే పక్కన నిఘంటువు ఉండాలి. అంటే అన్నేళ్లు ప్రాణం పెట్టి చేసిన పనిలో చాలా భాగం లైబ్రరీ అరల్లో దుమ్ము పట్టి ఉంది.

మరి ఆ శ్రమ వృథానా? ఇవాళ్టి లెక్కలో అయితే వృథానే. వ్యూస్ లేవు కదా! మేమూ ప్రతి వీడియో కింద ఆ నంబర్ చూసుకునేవాళ్లమే, కాబట్టి మమ్మల్ని కూడా కలిపే అంటున్నా. కానీ ఫలం మీద కన్ను వేయకుండా పని చేయమని గీత మనకు ఎప్పుడో నేర్పింది. మనం దాన్ని పరీక్షల ముందు, ఇంటర్వ్యూల ముందు గుర్తు చేసుకుంటాం. అసలు అది సులువుగా సాధ్యమయ్యే చోటు హాబీ. ఎవరూ అడగని పని, ఎవరూ మార్కులు వేయని పని, అయినా ఒళ్లు దాచుకోకుండా చేసే పని. దాసుగారు పారసీ పద్యం ముందు కూర్చున్న ప్రతి రాత్రీ ఆ శ్లోకాన్ని పాటించినట్టే.

ఇంకొకటి కూడా ఉంది. హాబీ పేరుతో ఆయన సంగీతాన్ని ఎగ్గొట్టలేదు. పంచముఖి తాళం ఊరికే రాదు, దానికి ఎన్నేళ్ల సాధనో. సాధన చేయకుండా రీల్స్ చూస్తూ, ఇదే నా హాబీ అంటే దాసుగారు ఒప్పుకోరు. ఆయన ఏ పని పట్టుకున్నా దాని అడుగు చూసేదాకా వదల్లేదు. కాలక్షేపానికీ హాబీకీ తేడా అక్కడే ఉంది.

మళ్లీ అమ్మపల్లి మెట్ల మీదికి

ఆ రోజు సాయంత్రం ఈ కథంతా మావాళ్లకు చెప్పాను. ఉర్దూ నేర్చుకుంటున్న అమ్మాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత బ్యాగులోంచి నోటుబుక్కు తీసి, కుడి నుంచి ఎడమకు తన పేరు రాసి చూపించింది. ఇంట్లో ఇప్పటిదాకా ఎవరికీ చూపించలేదట.

మృదంగం కుర్రాడు ఇంకో సంగతి చెప్పాడు. దిగే విమానం శబ్దం దగ్గరికొస్తున్నప్పుడు ఒక శ్రుతిలో ఉండి, మనల్ని దాటగానే కాస్త కిందికి జారుతుందట. అది వినీ వినీ అతనికి గమకం మీద చెవి పదునెక్కిందని అతని నమ్మకం. నిజమో కాదో నాకు తెలియదు. ఆ రోజు ఆఖరి టేక్‌లో మాత్రం పైనుంచి విమానం వెళ్తున్నా ఎవరూ ఆపలేదు, పాట పూర్తి చేసేశాం. వీడియోలో మూడో నిమిషం దగ్గర జాగ్రత్తగా వింటే మీకూ వినపడుతుంది.

మీరు కూడా ఈ వారం ఒక పని చేయండి. ఎప్పుడో ఆపేసిన ఒక ఇష్టాన్ని తీయండి. వీణ కావచ్చు, కుట్టుపని కావచ్చు, చదరంగం కావచ్చు, మీకు సంబంధం లేదని ఎవరో అన్న ఒక భాష కావచ్చు. ఒక అరగంట చాలు. మొదలుపెట్టే ముందు దేవుడికి దండం పెట్టుకోండి, ఎందుకంటే అది కూడా ఆయన ఇచ్చిన ఇష్టమే. అయిపోయాక ఎవరికీ చూపించకపోయినా పరవాలేదు.

వచ్చే వారం ఇంకో మహానుభావుడి కథతో కలుద్దాం. అంతవరకు సెలవు. జై శ్రీరామ్.